మూడింట రెండొంతుల కప్పు

డిసెంబరు ఆఖరి రోజుతో దేశం రద్దవుతుందనీ, అయితే ఆ కారణంగా దేశ కప్పు ఫుట్‌బాల్ పోటీలకు ఎలాంటి అంతరాయమూ కలగబోదనీ, మిగిలిన మ్యాచులన్నీ ముందుగా ప్రకటించిన తేదీల్లోనే జరుగుతాయనీ కప్పు సంఘం ఒక ప్రకటన విడుదల చేసింది. టిక్కెట్లు కొన్నవారు కంగారు పడవద్దని కూడా అందులో కోరింది. దేశమే లేనప్పుడు దేశ కప్పు ఏమిటని కొందరు తుంటరులు అడిగారు. సంఘం వారు నిబంధనలు తిరగేశారు. ఒకసారి మొదలైన పోటీని, మైదానంలో మంచు చీలమండ దాటి పేరుకుంటే తప్ప, ఆపరాదని అక్కడ స్పష్టంగా ఉంది. దేశం పోవడం మంచు కిందికి రాదని న్యాయసలహాదారు అభిప్రాయపడ్డారు. దాంతో ఆ వివాదం సమసిపోయింది.

చెకోస్లొవేకియా విడిపోయిన తీరు నిజంగా మెచ్చుకోదగ్గది. ఒక్క తుపాకీ పేలలేదు, ఒక్క అద్దం పగల్లేదు. అంతకుముందు దేశం పేరు మధ్యలో చిన్న అడ్డగీత ఉండాలా వద్దా అని పార్లమెంటు సభ్యులు వారాల తరబడి గొంతులు చించుకున్నారు. గీత సంగతి తేల్చుకోలేకపోయిన పెద్దలు, దేశాన్ని కోసే సంగతి మాత్రం చిటికెలో తేల్చేశారు. ఇందులో జనాన్ని సంప్రదించలేదు. జనం ఏమంటారో ముందుగా తెలియదు. ఏమంటారో తెలియనివాళ్లను అడగడం పాలన తెలిసినవాళ్లు చేసే పని కాదు. ఆస్తుల పంపకానికి మాత్రం చక్కని సూత్రం కనిపెట్టారు. చెక్ వాళ్లు స్లొవాక్ వాళ్లకు రెట్టింపు మంది కాబట్టి ప్రతిదీ రెండు వంతులు వాళ్లకు, ఒక వంతు వీళ్లకు. విమానాలు, రైలుపెట్టెలు, రాయబార కార్యాలయాల్లో కుర్చీలు, సర్కసు ఎలుగుబంట్లు అన్నీ ఇలాగే పంచారు. మూడు ఎలుగుబంట్లు ఉన్నచోట ఇబ్బంది రాలేదు. నాలుగు ఉన్నచోట ఒకటి చచ్చేదాకా ఆగారు.

మొరవా నదికి చెక్ ఒడ్డున జావొరోవ్ అనే చిన్న పట్టణం ఉంది. అక్కడ వోయ్‌తెక్ కలివోడ పొద్దున మాంసం కొట్టు నడుపుతాడు, సాయంత్రం జావొరోవ్ ఫుట్‌బాల్ క్లబ్బుకు అధ్యక్షత వహిస్తాడు. రెండుచోట్లా ఆయన పద్ధతి ఒకటే: నవ్వుతూ తూకం వేయడం, ఎముకను అడుగున పెట్టడం. ఊళ్లో 'మూడు చేపలు' అనే బీరు దుకాణం ఉంది. క్లబ్బు ఆఫీసూ అదే, సమావేశ మందిరమూ అదే, కాళ్లు బెణికినవాళ్లకు ఆసుపత్రీ అదే. దాని గోడకు ఒక చెక్క అర ఉంది. క్లబ్బు పెట్టిన ఏడాదే, తీరా కప్పు గెలిచాక చోటు వెతుక్కోవడం ఎందుకని, ముందుచూపుతో కొట్టించిన అర అది. దానిపైన ఒక చిన్న దీపం. నలభై ఏళ్లుగా చీకటి పడగానే ఆ దీపం వెలిగిస్తున్నారు, ఖాళీ అర మీద వెలుగు పడుతోంది. పూర్తిగా ఖాళీ అనడానికి లేదు. కుందేళ్ల పెంపకంలో వచ్చిన రెండో బహుమతి పత్రం కొన్నాళ్లు, ఒక మహానాయకుడి ప్లాస్టర్ బొమ్మ ప్రభుత్వం మారేదాకా, ఎవరో మరిచిపోయిన ఎడమచేతి గ్లవ్వు ఆ తర్వాత అక్కడ కొలువుతీరాయి. కలివోడకు జీవితంలో ఒకటే కోరిక. తను పోయేలోగా ఆ అర మీద కప్పు చూడాలి.

నదికి అవతలి ఒడ్డున లిస్కోవ్ ఉంది. అది స్లొవాక్ ఊరు. వంతెన మీద నడిచి వెళ్తే ఒక సిగరెట్ కాల్చినంత దూరం. కలివోడ భార్య మార్గిత ఆ ఊరి ఆడపడుచు. ఆమె అన్న ఒండ్రేయ్ హుడాక్ అక్కడ గొర్రెపాల జున్ను తయారుచేస్తాడు. లిస్కోవ్ క్లబ్బుకు అధ్యక్షుడు కూడా ఆయనే. వాళ్ల బీరు దుకాణంలోనూ అచ్చం అలాంటి అరే ఉంది. ఎవర్ని చూసి ఎవరు కొట్టించారన్న విషయంలో రెండూళ్ల పెద్దలకూ ఏకాభిప్రాయం లేదు. మార్గిత పెళ్లినాడు ఆల్బకరా పళ్ల సారా నాలుగు గుక్కలు పడ్డాక బావలిద్దరూ చేతిలో చెయ్యేసి ఒట్టు పెట్టుకున్నారు. ఎవరి జట్టు దేశ కప్పు గెలిచినా సరే, ఆ కప్పు నిండా సారా పోసి మొదటి గుక్క అవతలి బావకే ఇవ్వాలి. పాతికేళ్లుగా ఆ గుక్క కోసం ఎదురుచూస్తూ, ఈలోగా గొంతుకు అలవాటు తప్పకూడదని ప్రతి ఆదివారం మామూలు గ్లాసుల్లో సాధన చేస్తూ వచ్చారు.

విభజన సూత్రం అందరికంటే ముందు అమలైంది కలివోడ ఇంట్లోనే. కొత్త సంవత్సరం నాడు పంది మాంసం, క్యాబేజీ, కుడుములు తృప్తిగా తిని ఆయన కుర్చీలో వెనక్కి వాలగానే మార్గిత నడుముకు కట్టుకున్న వంటగుడ్డ విప్పి ఆయన ఒళ్లో పెట్టింది.

"మీ చెక్ వాళ్లు రెండొంతులు కదండీ. అయితే అంట్లు రెండు రోజులు మీరు తోమండి, ఒక రోజు నేను తోముతా."

"ఆ లెక్క ఆస్తులకే మార్గితా. అంట్లు ఆస్తా?"

"అప్పులకీ అదే లెక్కని రేడియోలో చెప్పారు. అంట్లు ఆస్తో అప్పో మీరే తేల్చుకోండి, ఈలోగా నీళ్లు వేడెక్కుతాయి."

కలివోడ సలహా కోసం వంతెన దాటి హుడాక్ దగ్గరికి వెళ్లాడు. హుడాక్ అంతా సావధానంగా విని, ఒక స్లొవాక్ పౌరుడిగా ప్రగాఢ సానుభూతి తెలియజేసి, పొరుగుదేశపు ఆంతరంగిక వ్యవహారాల్లో తలదూర్చలేనన్నాడు. కలివోడ తిరిగొచ్చి చొక్కా చేతులు మడిచి అంట్లు తోమాడు.

ఇక పోటీ సంగతి. జావొరోవ్ జట్టు ఏటా మొదటి రౌండులోనే గౌరవప్రదంగా ఓడి, ఆ ఆనందంలో విందు చేసుకోవడం ఆనవాయితీ. ఈ ఏడు అది కుదరలేదు. అంచనాలన్నీ తలకిందులు చేసి గెలుస్తూ పోయింది. మొదటి ప్రత్యర్థుల బస్సు ఉమ్మడి ప్రభుత్వపు ఆస్తి కావడంతో, దాని పంపకం తేలేదాకా కదపరాదని అధికారులు చక్రాలకు సీలు వేశారు. ఆటగాళ్లు అందులోనే కూర్చుని, తెచ్చుకున్న రొట్టెలు తినేసి, దిగి ఇళ్లకు పోయారు. ఆ గెలుపు జావొరోవ్‌కు దక్కింది.

తర్వాతి ప్రత్యర్థులు స్లొవాక్ వాళ్లు. వంతెన దాకా వచ్చారు. వంతెన మీద ఇప్పుడు ఒక గడకర్ర, ఒక రేకుల గది, అందులో పెశెక్ అనే సరిహద్దు అధికారి. డిసెంబరు దాకా ఈ పెశెక్ జావొరోవ్ మైదానం గేటు దగ్గర టిక్కెట్లు చింపేవాడు. టిక్కెట్ లేనివాణ్ణి ఆపిన అనుభవం ఉన్నవాడు పాస్‌పోర్టు లేనివాణ్ణి ఆపలేడా అని ప్రభుత్వం ఆయన్ను ఎంపిక చేసింది. వచ్చిన ఆటగాళ్లందరి దగ్గరా పాస్‌పోర్టులున్నాయి. కానీ అవి పాత దేశానివి. లేని దేశపు కాగితాలతో ఉన్న దేశంలోకి ఎలా వస్తారని పెశెక్ అడిగాడు. వాళ్లు వెనుదిరిగారు. ఆయన జేబులో ఉన్నదీ ఆ పాత పాస్‌పోర్టే గానీ, ఆయన ఎక్కడికీ వెళ్లడం లేదు కాబట్టి అది తప్పు కాదు. హుడాక్ మాత్రం ప్రతి ఆదివారం చెల్లెలింటికి భోజనానికి వస్తూనే ఉన్నాడు. భోజనానికి వచ్చేవాళ్లను పాస్‌పోర్టు అడగడం మర్యాద కాదని పెశెక్ అభిప్రాయం.

క్వార్టర్ ఫైనల్లో రాజధాని నుంచి పెద్ద క్లబ్బు వచ్చింది. గోల్‌కీపరు తప్ప దాని ఆటగాళ్లందరినీ చలికాలంలోనే జర్మనీ వాళ్లు కొనుక్కుపోయారు. గోల్‌కీపరు, గుమాస్తా, మైదానంలో గడ్డి కోసే మరికొందరు మిగిలారు. వాళ్ల మీద జావొరోవ్ వీరోచితంగా పోరాడి ఒక గోలు తేడాతో బయటపడింది. సెమీఫైనల్ నాటికి కప్పు సంఘం కూడా రెండయింది. రెండు సంఘాలూ ఒకే మ్యాచుకు రెండు వేర్వేరు ఊళ్లు ఖరారు చేశాయి. ప్రత్యర్థులు ఒక ఊరికి వెళ్లారు, జావొరోవ్ జట్టు ఇంకో ఊరికి వెళ్లింది. ప్రత్యర్థులు రాని మైదానంలో రిఫరీ ఈల వేశాడు. మన వాళ్లు బంతిని ఖాళీ గోల్లోకి తన్ని ఫైనల్ చేరారు. అందులోనూ మొదటి తన్ను బయటికి పోయింది.

ఇలాంటి ప్రతిభతోనే నదికి అవతల నుంచి లిస్కోవ్ కూడా ఫైనల్ చేరింది. కలివోడకు ఆనందంతో కాళ్లు నేల మీద నిలవలేదు. కప్పు ఇటో అటో వస్తుంది, ఎటొచ్చినా పాతికేళ్ల ఒట్టు తీరుతుంది. పైగా ఇక మీదట ఈ పోటీయే ఉండదు కాబట్టి, గెలిచినవాళ్ల దగ్గరే కప్పు శాశ్వతంగా ఉండిపోతుంది. గ్లవ్వు తీసేసి అర తుడిపించాడు, దీపానికి కొత్త బల్బు పెట్టించాడు.

ఆ వారంలోనే ఉమ్మడి కప్పు సమన్వయ సంఘం అధ్యక్షులు డాక్టర్ ఇంజనీర్ పోక్లోప్ గారు కప్పును వెంటబెట్టుకుని 'మూడు చేపలు'కు విచ్చేశారు. కలివోడ ఆ కప్పును పత్రికల్లో తప్ప ఎప్పుడూ చూడలేదు. వెండిది. నెలల పిల్లాడికి స్నానం చేయించేంత లోతు, రెండు పిడులు, మూత మీద దేశపు రాజముద్రలోని రెండు తోకల సింహం. కలివోడ దాని దగ్గరికెళ్లి చేతులు ప్యాంటుకు తుడుచుకుని కూడా తాకలేకపోయాడు. రెండు క్లబ్బుల వాళ్లూ కూర్చున్నాక పోక్లోప్ గారు లేచి గొంతు సవరించుకున్నారు.

"మిత్రులారా. మన రెండు జాతులూ ప్రపంచానికి నాగరికత నేర్పాయి. భార్యాభర్తలు కూడా ఇంత సామరస్యంగా విడిపోరని విదేశీ పత్రికలు రాస్తున్నాయి. ఈ కీర్తికి ఒక చిన్న మచ్చ మిగిలింది. అదిగో, మీ ఎదురుగా ఉన్న ఈ కప్పు. ఇది ఉమ్మడి ఆస్తి. దీన్ని ఒక్కరే తీసుకుపోతే చట్టం ఏమైపోవాలి? అందుచేత మేం ఏడు సమావేశాలు జరిపి, మూడు విందులు చేసి, ఒక నిర్ణయానికి వచ్చాం. ఫైనల్ ముగిశాక కప్పును రెండు వంతులు, ఒక వంతుగా కోయిస్తాం. తటస్థంగా ఉండాలని వియన్నా నుంచి కంసాలిని పిలిపించాం. చరిత్ర మనల్ని చూస్తోంది."

అందరూ అలవాటు కొద్దీ చప్పట్లు కొట్టారు. కలివోడ కొట్టలేదు.

"అయ్యా, మేం గెలిస్తే మాకేం వస్తుంది?" అని అడిగాడు.

"మూడింట రెండొంతుల కప్పు."

"ఓడిపోతే?"

"మూడింట రెండొంతుల కప్పు. చట్టం ముందు గెలుపోటములు సమానం."

హుడాక్ మీసం దువ్వుకుంటూ లేచాడు. "మేం గెలిస్తే ఒక వంతేనన్నమాట. మరి ఆ పైన గెలిచినందుకు ఇచ్చేదేమీ లేదా?"

"ఎందుకు లేదు? గెలుపు ఇస్తాం," అన్నారు పోక్లోప్ గారు ఉదారంగా. "గెలుపు ఉమ్మడి ఆస్తుల్లో లేదు. దాన్ని పంచక్కర్లేదు, మొత్తం మీరే ఉంచుకోవచ్చు."

ఆ సాయంత్రం బావలిద్దరూ వంతెన మధ్యలో, ఏ దేశానికీ చెందని చోట, రెయిలింగు మీద మోచేతులు ఆన్చుకుని నిలబడ్డారు. కలివోడకు దుఃఖం ముంచుకొచ్చింది. దేశం పోయిందన్నప్పుడు కూడా ఆయనకు ఇంత బాధ కలగలేదు. దేశం ఎక్కడో రాజధానిలో ఉండేది. కప్పును ఇవాళే కళ్లారా చూశాడు.

"పాతికేళ్లుగా కోస్తూనే ఉన్నాను బావా," అన్నాడు. "కోసింది మళ్లీ లేచి నిలబడటం నేనెప్పుడూ చూడలేదు."

"కోసేలోగా నింపి తాగేస్తే సరి."

"అదీ అడిగాను. ఉమ్మడి ఆస్తిని సొంత అవసరాలకు వాడకూడదట. అద్దాల పెట్టెలో పెట్టి చూపించి, అట్నుంచటే రంపం దగ్గరికి తీసుకెళ్తారట."

హుడాక్ నదిలోకి ఉమ్మి, ఆ ఉమ్ము ఏ దేశం వైపు పోతుందో కాసేపు చూశాడు. "సరేలే. ముందు మిమ్మల్ని ఓడించనీ, తర్వాత ఏడుద్దాం," అన్నాడు.

జూన్ నెలలో ఒక ఆదివారం జావొరోవ్ మైదానంలో ఫైనల్ జరిగింది. దీనికి ముందు పోక్లోప్ గారికి నిద్ర పట్టనివ్వని సమస్య ఒకటి వచ్చింది. పాత దేశపు జాతీయగీతం రెండు పాటలు కలిపిన గీతం. మొదట చెక్ పాట, నిదానంగా, గొంతు పట్టేసేలా. ఒక్క క్షణం ఆగి స్లొవాక్ పాట, హుషారుగా, కాళ్లు ఆడేలా. ఇప్పుడు ఆ రెండూ రెండు దేశాల గీతాలు. రెండు దేశాల జట్లు ఆడుతున్నాయి కనుక రెండూ వాయించక తప్పదు. కానీ వెంటవెంటనే వాయిస్తే, చచ్చిపోయిన దేశం పొరపాటున బతికే ప్రమాదం ఉంది. అందుకని ముందు అతిథుల స్లొవాక్ గీతం, తర్వాత పోక్లోప్ గారి ఉపన్యాసం, జనం పాతదంతా మరిచిపోయేంత సేపు సాగాక చెక్ గీతం అని ఆదేశాలిచ్చారు.

బ్యాండు వాళ్లంతా అరవై దాటినవాళ్లు. డప్పులు, పెద్ద బాకాలు జావొరోవ్ వాళ్లవి. సన్న బాకాలు లిస్కోవ్ వాళ్లవి. ఆదేశాన్ని శ్రద్ధగా విన్నారు, తలలూపారు. బ్యాండు మాస్టారి కర్ర పైకి లేవగానే చేతులు మాత్రం నలభై ఏళ్లుగా ఎరిగిన దారే పట్టాయి. ముందు చెక్ పాట మోగింది. పోక్లోప్ గారు కంగారుగా ఉపన్యాసం పట్టుకుని మైకు వైపు పరుగెత్తారు. పాట అయిపోయింది. ఒక్క క్షణం నిశ్శబ్దం. మైదానంలో ఒక్కరు కూడా కూర్చోలేదు. అందరూ ఇంకా దేనికోసమో నిలబడే ఉన్నారు. "మిత్రులారా" అని ఆయన నోరు తెరిచేలోగా సన్న బాకాలు స్లొవాక్ పాట అందుకున్నాయి. రెండూళ్ల జనం, రెండు జట్లు, ఆ పూట వంతెన వదిలి తన పాత గేటు దగ్గరికొచ్చి టోపీ తీసి నిలబడ్డ పెశెక్‌తో సహా, గొంతెత్తి పాడారు. కలివోడ పాడలేకపోయాడు. మార్గిత ఆయన చెయ్యి పట్టుకుని పాడుతుంటే కళ్లు తుడుచుకుంటూ నిలబడ్డాడు. ఆ విధంగా రద్దయిన దేశం ఒకటి జావొరోవ్ మైదానంలో ఎలాంటి అనుమతీ లేకుండా కాసేపు ఉనికిలోకి వచ్చింది. పోక్లోప్ గారు తన నివేదికలో దీన్ని సాంకేతిక లోపంగా పేర్కొన్నారు.

మొదటి సగానికి చెక్ రిఫరీ, రెండో సగానికి స్లొవాక్ రిఫరీ. మొదటి సగంలో జావొరోవ్ ఒక గోలు వేసింది. వేసిందనడం కన్నా పడిందనడం సబబు. లిస్కోవ్ ఆటగాడొకడు వంగి బూటు తాడు కట్టుకుంటుంటే బంతి వాడి వీపుకు తగిలి గోల్లోకి దొర్లింది. రెండో సగంలో లిస్కోవ్ మూడు వేసింది. మూడోది ఎంత ముచ్చటగా ఉందంటే కలివోడ తెలియకుండానే చప్పట్లు కొట్టి, చుట్టూ చూసి, చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు. మూడు ఒకటి. లిస్కోవ్ గెలిచింది. మైదానంలో ఉన్నవాళ్లంతా కళ్లతో చూశారు.

అయితే ఆ దేశంలో ఎప్పటినుంచో ఒక ఆచారం ఉంది. టీవీలో మ్యాచు వస్తే మొదటి సగం వ్యాఖ్యానం చెక్ భాషలో, రెండో సగం స్లొవాక్ భాషలో. పిల్లలంతా ఆ రెండు సగాలు వింటూనే రెండు భాషలూ నేర్చుకున్నారు. దేశం విడిపోయాక రెండు ప్రభుత్వాలూ ఈ ఆచారాన్ని గౌరవిస్తూనే చిన్న సవరణ చేశాయి. పరాయి భాషా కార్యక్రమాలు ప్రసారం చేయనక్కర్లేదు కాబట్టి చెక్ టీవీ మొదటి సగం మాత్రమే చూపింది. స్లొవాక్ టీవీ రెండో సగం మాత్రమే చూపింది. దాంతో జావొరోవ్ ఒకటి సున్నాతో గెలిచిందని చెక్ ప్రజలూ, లిస్కోవ్ మూడు సున్నాతో గెలిచిందని స్లొవాక్ ప్రజలూ వీధుల్లోకి వచ్చి సంబరాలు చేసుకున్నారు. చరిత్రలో ఒక ఫైనల్‌ను రెండు జట్లూ గెలవడం, రెండు దేశాలూ సంతోషించడం అదే మొదటిసారి. పోక్లోప్ గారు రెండు రాజధానులకూ రెండు అభినందనలు పంపారు.

కప్పు కోయడం చూడటానికి కూడా జనం బాగానే వచ్చారు. వియన్నా చక్రవర్తి మమ్మల్ని ఏలిన మా తాతల కాలంలోనూ మా తగవులు తీర్చడానికి వియన్నా నుంచే మనిషి వచ్చేవాడని ఒక ముసలావిడ సంతోషించింది. కంసాలి కొలిచాడు, గీత గీశాడు, సన్న రంపంతో కోశాడు. ఆ చప్పుడు వినలేక కలివోడ మొహం తిప్పుకున్నాడు. మూత మీది సింహానికి తల, ముందుకాళ్లు, ఒక తోక చెక్ భాగానికి వచ్చాయి. రెండో తోక, వెనకకాళ్లు స్లొవాక్ భాగానికి దక్కాయి. సింహానికి రెండు తోకలు పెట్టిన పూర్వీకుల ముందుచూపును పోక్లోప్ గారు కొనియాడారు.

జావొరోవ్ వాళ్లు కలివోడను భుజాల మీద ఎక్కించుకుని 'మూడు చేపలు'కు ఊరేగించారు. "మనం ఓడిపోయామయ్యా," అని ఆయన పైనుంచి చెబుతూనే ఉన్నాడు. అధ్యక్షుడి వినయానికి అందరూ మురిసిపోయారు. విచిత్రమేమిటంటే, మైదానంలో ఆయన పక్కనే కూర్చుని మూడు గోల్సూ చూసి తల బాదుకున్నవాళ్లు కూడా, ఇంటికెళ్లి టీవీలో మళ్లీ వేసింది చూశాక, తమ కళ్లనే అనుమానించడం మొదలుపెట్టారు. కోసిన వైపు గోడకు ఆనించి కప్పును అర మీద నిలబెట్టారు. ముందు నుంచి చూస్తే నిక్షేపంలా నిండుగా ఉంది. దీపం వెలిగించారు. కలివోడ నలభై ఏళ్ల కోరిక తీరింది. తీరిన కోరికను చూస్తూ ఆయన బీరు ముట్టుకోకుండా కూర్చున్నాడు.

తర్వాతి ఆదివారం ఆయన అంట్లు తోముతుంటే మార్గిత చూసి చూసి విసుక్కుంది.

"తోమిన పళ్లెమే తోముతున్నారు. ఏంటండీ ఆ బాధ?"

"గెలిచినవాడు మీ అన్నయ్య. కప్పు చూస్తే నా దగ్గరుంది. వాడి మొహం చూడలేకపోతున్నా."

"అయితే కప్పు చూపించండి," అంది మార్గిత. చేతులు తుడుచుకుని పైఅర లోంచి సారా సీసా తీసింది. "వెళ్దాం పదండి. అన్నయ్యకి కబురు పంపుతా."

కలివోడ తన రెండొంతులను మాంసం చుట్టే కాగితంలో చుట్టి వంతెన మీదికి తెచ్చాడు. అవతల నుంచి హుడాక్ తన ఒక వంతును జున్ను వడకట్టే గుడ్డలో కట్టి తెచ్చాడు. పెశెక్ రేకుల గదిలోంచి బయటికొచ్చి, ఎగుమతులా దిగుమతులా అని అడిగాడు. భోజనం అంది మార్గిత. పెశెక్ గడకర్ర పైకెత్తాడు.

వంతెన మధ్యలో రెండు ముక్కల అంచులూ ఒకదానికొకటి ఆన్చి బావలిద్దరూ చెరో పిడి పట్టుకుని బలంగా నొక్కారు. సింహానికి మళ్లీ రెండు తోకలొచ్చాయి. మార్గిత సీసా వంచింది. ఎంత గట్టిగా నొక్కినా అతుకులోంచి సారా కారుతూనే ఉంది.

"తాగు బావా, తొందరగా," అన్నాడు హుడాక్. "గెలిచింది నేను. మొదటి గుక్క నీది. ఇది నా చేత్తో ఇవ్వడానికే మూడు గోల్స్ కొట్టించాను."

కలివోడ తాగాడు. పాతికేళ్ల ఒట్టు గొంతులోంచి మంటగా దిగింది. తర్వాత హుడాక్ తాగాడు, తర్వాత మార్గిత వాళ్లిద్దరికన్నా పెద్ద గుక్క తాగింది. ముగ్గురూ నవ్వుతున్నారు, చొక్కాలన్నీ తడిశాయి. ఈ గొడవలో పెశెక్ గొంతు సవరించుకున్నాడు.

"అడగడం నా విధి కాబట్టి అడుగుతున్నా. ఆ కారిపోయేది ఎవరి వాటాలోంచి కారుతోంది?"

ఎవరికీ తెలియలేదు. తెలిసేలోగా ఉమ్మడి ఆస్తి నదిపాలు కాకూడదని పెశెక్ కొత్త ప్రభుత్వపు ముద్ర ఉన్న తన టోపీ తీసి అతుకు కింద పట్టాడు. నిండాక, సాక్ష్యం మిగలడం మంచిది కాదని తాగేశాడు.

ఇప్పటికీ ఏటా జూన్‌లో ఒక ఆదివారం రెండు బీరు దుకాణాల్లోనూ ఆ అరలు కాసేపు ఖాళీగా ఉంటాయి. కప్పును మెరుగు పెట్టడానికి తీసుకెళ్లారని చెబుతారు. సాయంత్రానికి రెండూ తడితడిగా తిరిగొస్తాయి, కోసిన వైపు గోడకు ఆనుకుంటాయి, దీపాలు వెలుగుతాయి. బడి పిల్లల్ని తీసుకొచ్చి చూపిస్తారు. ఆ పోటీలో గెలిచింది మనమేననీ, మొత్తం కప్పు ఇదేననీ, అవతలి ఒడ్డున ఉన్నది ఉత్త నకలనీ రెండుచోట్లా మాస్టార్లు చెబుతారు. ఎవరైనా పిల్లాడు వెనకవైపు ఎలా ఉంటుందని అడిగితే, పెద్దల వస్తువులు ముట్టుకోకూడదని మందలిస్తారు.

ఎంత వెర్రి జనమోనని పాఠకులు నవ్వుకుంటూ ఉండవచ్చు. నవ్వండి. మీ ఇంట్లోనూ, మీ ఊళ్లోనూ గోడకు ఆనించి దీపం పెట్టిన కప్పు ఒకటి ఉండే ఉంటుంది. దాన్ని తిప్పి చూడమని మేం అనం. దుమ్ము తుడిచేటప్పుడు మాత్రం, ఇన్నాళ్లూ తుడిచినట్టే, ముందువైపు తుడిస్తే చాలు.